డబ్బాలో ఎర ఎందుకు చస్తుంది? గాలి, నీరు, వేడి చెప్పే లెక్క

ఛత్తీస్‌గఢ్‌లో గాలం వేసి చేపలు పట్టడాన్ని ‘గరీ ఖేల్నా’ అంటారు. గరీ అంటే గాలం, ఖేల్నా అంటే ఆడటం. బిలాస్‌పూర్ జిల్లా బెల్తరా ప్రాంతంలో ఊరికో చెరువైనా ఉంటుంది కాబట్టి ఈ ఆటకు చోటు కరవు లేదు. అసలు బిలాస్‌పూర్‌కు ఆ పేరు బిలాసా అనే జాలరి స్త్రీ వల్ల వచ్చిందని స్థానికుల నమ్మకం. 1891లో నాగపూర్‌ను ఆసన్‌సోల్‌తో కలిపిన బెంగాల్-నాగపూర్ రైలుమార్గం ఈ ఊరి మీదుగానే వెళ్లింది. ఆ రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. సెలవు రోజున గాలం పట్టుకుని చెరువు గట్టుకు చేరేవాళ్లు వాళ్లలోనూ ఉంటారు.

గట్టు మీద కూర్చున్నవాళ్ల పక్కన ఎప్పుడూ ఒక డబ్బా ఉంటుంది. అందులో వానపాములో, చిన్న రొయ్యలో, వేలెడంత పరిగెలో ఉంటాయి. కొరమీను, వాలుగ లాంటి వేటాడే చేపలకు కదులుతున్న ఎర కావాలి. చచ్చిన పరిగెను అవి పెద్దగా పట్టించుకోవు. మే నెలలో పొద్దున ఆరింటికి ఇరవై పరిగెలతో మొదలైన డబ్బాలో తొమ్మిదయ్యేసరికి సగం వెల్లకిలా తేలుతాయి. ఎండదెబ్బ అంటారు కొందరు. ఆకలికి చచ్చాయంటారు ఇంకొందరు, పాపమని గుప్పెడు తవుడు కూడా చల్లుతారు. ఎండ సగం కారణమే. ఆకలి అసలు కారణమే కాదు. తవుడు చల్లడం మాత్రం మిగిలినవాటి చావును ముందుకు జరుపుతుంది.

డబ్బాలో ఎంత ఊపిరి ఉంది?

గోలీసోడా చల్లగా ఉంటే గ్యాసు నిలుస్తుంది, వెచ్చబడితే బుసబుసమని పోతుంది. ఆక్సిజన్‌దీ అదే తీరు. నీరు ఎంత వేడెక్కితే అంత తక్కువ వాయువును తనలో ఉంచుకోగలదు. గాలితో బాగా కలిసిన మంచినీటిలో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర అది 7.5కు, 40 డిగ్రీల దగ్గర 6.4కు దిగుతుంది. ఇవి సముద్రమట్టం దగ్గరి లెక్కలు. బిలాస్‌పూర్ కాస్త ఎత్తున ఉంది కాబట్టి అక్కడ ఇంకొంచెం తక్కువే.

తేడా మూడో వంతే కదా అనిపించవచ్చు. కానీ చేప చల్లని రక్తపు జీవి. నీటితో పాటే దాని ఒళ్లూ వేడెక్కుతుంది. అది తట్టుకోగలిగిన మేరలో ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాని ఆక్సిజన్ అవసరం ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే నీటి దగ్గర సరుకు తగ్గే వేళకే చేప దగ్గర గిరాకీ పెరుగుతోంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక్కొక్కటి 5 గ్రాముల పరిగెలు ఇరవై, అంటే 100 గ్రాములు. 30 డిగ్రీల నీటిలో ఇలాంటి చిన్న చేప కిలో బరువుకు గంటకు 300 మిల్లీగ్రాముల ఆక్సిజన్ వాడుకుంటుందనుకుందాం. మన ఇరవై చేపలకు గంటకు 30 మిల్లీగ్రాములు కావాలి. 5 లీటర్ల నీటిలో ఉన్నది మొత్తం 37 మిల్లీగ్రాములు. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా చేపలు తట్టుకోలేవు కాబట్టి ఆ చివరి 10 మిల్లీగ్రాములను లెక్కలోంచి తీసేయాలి. పైనుంచి కొత్త గాలి కలవకపోతే ఆ డబ్బాలో ఊపిరి గంట సేపైనా రాదు. వలలో పట్టి, చేత్తో పట్టి, డబ్బాలో కుదిపిన చేప బెదిరి ఉంటుంది. మామూలు కంటే ఎక్కువగా ఊపిరి పీలుస్తుంది. అప్పుడు గంట కూడా అరగంట కావచ్చు.

పైన ఇంత గాలి ఉంది కదా, అది లోపలికి దిగదా? దిగుతుంది, చాలా నెమ్మదిగా. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంది, లీటరు నీటిలో ఉన్నదానికి ముప్పై అయిదు రెట్ల పైచిలుకు. చిక్కంతా రవాణాలో ఉంది. ఆక్సిజన్ అణువు నీటిలో తనంతట తాను జరిగే వేగం గాలిలో కంటే దాదాపు పది వేల రెట్లు తక్కువ. కదలిక ఏమాత్రం లేని నీటిలో అది పైనుంచి పది సెంటీమీటర్ల లోతుకు చేరాలంటే నెల రోజులు పడుతుంది! ఎమ్మెస్సీలో విసరణ సమీకరణం మీద పరీక్షకు ఎన్ని లెక్కలు చేసినా ఈ ‘నెల’ ఎంత పెద్దదో చేపల డబ్బా ముందు పెట్టుకుని చూస్తే గానీ తెలియదు.

నిజానికి డబ్బాలో నీరు పూర్తిగా నిశ్చలంగా ఉండదు. చేపలు తోకలు ఆడిస్తాయి, మనం నడుస్తుంటే నీరు ఊగుతుంది. వాటి ప్రాణం నిలిపేది ఆ ఊగటమే. కాబట్టి చేయవలసింది నీటి పైపొరను పెంచడం, దాన్ని కదపడం. 20 సెంటీమీటర్ల వెడల్పున్న బకెట్‌లో 5 లీటర్లు పోస్తే లోతు 16 సెంటీమీటర్లు. అదే నీటిని 40 సెంటీమీటర్ల వెడల్పున్న తొట్టిలో పోస్తే లోతు 4 సెంటీమీటర్లే, గాలికి తగిలే పైభాగం మాత్రం నాలుగింతలు. ఖర్చు లేని కిటుకు ఇది. మూతి సన్నగా ఉన్న స్టీలు క్యాను చూడటానికి బాగుంటుంది, మోయటానికి సులువు. ఎరకు అంతకంటే చెడ్డ ఇల్లు లేదు.

బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపులు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. నీటిలోకి పోయే బుడగలే ఆక్సిజన్ ఇస్తాయనుకుంటాం. బుడగ నీటిలో ఉండేది క్షణం రెండు క్షణాలు. తనలోని ఆక్సిజన్‌ను కొంత అది ఇస్తుంది, నిజమే. దానికంటే ముఖ్యంగా అడుగు నీటిని పైకి తోస్తూ, పైపొరను పగలగొడుతూ నీటిని తిప్పుతుంది. పంపు లేకపోతే ఒక గిన్నెతో నీటిని ముంచి జానెడు ఎత్తు నుంచి తిరిగి పోయండి, చేసే పని అదే.

మట్టికుండకు పెద్ద చరిత్రే ఉంది

ఈ విద్య మన దేశంలో ఒకప్పుడు ఒక పరిశ్రమను నడిపింది. బొచ్చె, రోహు, మ్రిగాల చేపలు చెరువుల్లో గుడ్లు పెట్టవు. వాటి పిల్లల కోసం నదుల మీదే ఆధారపడేవారు. గంగా పరీవాహకంలో వానాకాలంలో పట్టిన పిల్లలను మట్టికుండల్లో పోసి, కలకత్తా నుంచి రైళ్లలో దూర ప్రాంతాలకు పంపేవారు. కుండలతో పాటు మనుషులూ ప్రయాణించేవారు. దారి పొడవునా కుండలోని నీటిని చేత్తో కదుపుతూ, చచ్చిన పిల్లలను ఏరేస్తూ, వీలైన చోట కొంత నీటిని మారుస్తూ వెళ్లేవారు. 1957లో కటక్‌లోని కేంద్ర పరిశోధన విభాగంలో హీరాలాల్ చౌధురి బృందం పీయూష గ్రంథి సారాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ చేపలతో గుడ్లు పెట్టించాక నదుల మీద ఆధారపడటం క్రమంగా తగ్గింది. జులై 10ని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకొనేది ఆ విజయానికి గుర్తుగానే.

చేత్తో కదపటం ఎందుకో ఇప్పుడు మనకు తెలుసు. మరి మట్టికుండే ఎందుకు? అది చవక, ఎక్కడైనా దొరుకుతుంది. దాంతో పాటు అది చెమరుస్తుంది. నీరు ఆవిరవుతూ కుండ నుంచి వేడిని పట్టుకుపోతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,430 జౌళ్ల వేడి కావాలి. పది లీటర్ల కుండ నుంచి 100 మిల్లీలీటర్ల నీరు, అంటే అర గ్లాసు, ఆవిరైతే సుమారు 243 కిలోజౌళ్లు పోతాయి. బయటి నుంచి వేడి తిరిగి లోపలికి రాకపోతే ఆ పది లీటర్లూ దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. అరకిలో మంచుగడ్డ అదే నీటిలో పూర్తిగా కరిగితే వచ్చే చల్లదనం కూడా ఇంతకు కాస్త తక్కువే. అర గ్లాసు చెమట అరకిలో మంచుతో సమానం!

కుండ ఎంతవరకు చల్లబడగలదు? దాని హద్దును తడిబల్బు ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. మే నెల మధ్యాహ్నం బిలాస్‌పూర్‌లో గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉందనుకుంటే ఆ హద్దు సుమారు 24 డిగ్రీలు. కుండ అంత దాకా పోదు గానీ గాలి కంటే ఎన్నో డిగ్రీలు కింద ఉంటుంది. నీడలో, గాలి తగిలే చోట పెట్టి పైన తడి గోనెపట్టా చుడితే ఇంకా మేలు. ఆగస్టులో ఈ విద్య పనిచేయదు. అప్పుడు గాలిలో తేమ 85, 90 శాతం ఉంటుంది, నీరు ఆవిరి కాదు. అదృష్టవశాత్తూ అప్పుడు ఎండా ఉండదు.

మంచు వాడాలనుకుంటే నేరుగా నీటిలో వేయకండి. బజారులో కొన్న మంచులో క్లోరిన్ ఉండవచ్చు. పైగా ఒక్కసారిగా నీరు చల్లబడితే చేపకు అదే పెద్ద దెబ్బ. నీటి సీసాను గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, డబ్బాలో తేలేయండి. మెల్లగా గంటకు నాలుగైదు డిగ్రీలు దిగితే చాలు.

నీటిలో కలిసే విషం

చేప మొప్పలతో ఊపిరి తీసుకోవడమే కాదు, ఒంట్లోని అమ్మోనియానూ అక్కడి నుంచే బయటకు పంపుతుంది. చెరువులో ఇది లెక్కలోకి రాదు. బ్యాక్టీరియా దాన్ని నైట్రేటుగా మార్చేస్తాయి. కొత్త డబ్బాలో ఆ బ్యాక్టీరియా ఉండవు, అవి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే మేత వేయకూడదు. తిన్న చేప ఎక్కువ ఆక్సిజన్ వాడుతుంది, ఎక్కువ అమ్మోనియా వదులుతుంది. తినగా మిగిలిన తవుడు కుళ్లి ఇంకాస్త ఆక్సిజన్‌ను మింగేస్తుంది. హేచరీలవాళ్లు పిల్లలను లారీ ఎక్కించే ముందు మేత ఆపి కడుపు ఖాళీ చేయించేది ఇందుకే. ఎర కోసం పట్టిన చేప ఒకటి రెండు రోజులు పస్తున్నా ఏమీ కాదు.

అమ్మోనియాకు రెండు రూపాలున్నాయి. ఒకటి అంత హాని చేయని అమ్మోనియం అయాను, రెండోది మొప్పల గుండా లోపలికి పోయి చంపే స్వేచ్ఛా అమ్మోనియా. ఏది ఎంత ఉంటుందో నీటి పీహెచ్ తేలుస్తుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం అర శాతం పైచిలుకు. పీహెచ్ 8 అయితే 5 శాతం, 9 అయితే మూడో వంతు దాటుతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఆక్సిజన్ నింపి కట్టిన ప్లాస్టిక్ సంచిలో ప్రయాణించిన చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ లోపలే చిక్కుకుని నీటిని కాస్త ఆమ్లంగా మారుస్తుంది. దాంతో అమ్మోనియా పేరుకున్నా ఎక్కువ భాగం హాని లేని రూపంలోనే ఉంటుంది. ఇంటికి తెచ్చి సంచి విప్పి, పాపమని అందులోనే పంపు పెట్టి గాలి ఊదితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, ఉన్న అమ్మోనియా విషమవుతుంది. దారంతా బతికిన చేప ఇంటికొచ్చి చచ్చిందని వాపోయేవాళ్లకు జరిగేది తరచుగా ఇదే. సంచిని విప్పకుండా కొత్త నీటిలో పావుగంట తేలేయండి, వేడి సమానం కానివ్వండి. విప్పాక ఆలస్యం చేయకుండా చేపలను వలతో తీసి కొత్త నీటిలో వదలండి, సంచిలోని నీటిని పారబోయండి.

కోస్తాలో రొయ్య పిల్లల హేచరీల నుంచి చెరువులకు వెళ్లే సంచులూ ఈ సూత్రం మీదే నడుస్తాయి. సంచిలో మూడో వంతు నీరు, మిగిలిన రెండు వంతులు ఆక్సిజన్, నీటిని మాత్రం ముందే చల్లబరుస్తారు. ఎక్కువ నీరు పోస్తే పిల్లలకు మంచిదనుకోవడం పొరపాటు. ఊపిరి ఉన్నది నీటిలో కాదు, పైనున్న వాయువులో.

కొత్త నీరు ఎక్కడిది అన్నదీ ముఖ్యమే. చేప పట్టిన చెరువు నీరే అన్నిటికంటే మంచిది. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది. వెడల్పాటి తొట్టిలో ఒక రోజంతా మూత లేకుండా ఉంచితే అది పోతుంది. తొందరైతే ఫొటోలు కడిగేవాళ్లు వాడే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్, పలుకులు రెండు మూడు బకెట్‌కు చాలు. ఇంకో సాయం ఉప్పుది. మంచినీటి చేప రక్తం చుట్టూ ఉన్న నీటి కంటే ఉప్పగా ఉంటుంది. అందుకే నీరు ఎప్పుడూ దాని ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది. దాన్ని తోడేయడానికి చేప శక్తి ఖర్చు చేయాలి. లీటరుకు రెండు గ్రాముల ఉప్పు కలిపితే ఆ భారం తగ్గుతుంది. పొడి చేత్తో మాత్రం పట్టుకోవద్దు. ఒంటి మీది జిగురు ఊడితే బూజు అంటుకోవడానికి దారి దొరుకుతుంది.

చేపలన్నీ ఒకేలా ఊపిరి తీసుకోవు కూడా. గొరకకు, ఇంగిలాయికి, కొరమీనుకు నేరుగా గాలి పీల్చే అవయవాలున్నాయి. పరిగె గంటలో చచ్చే నీటిలో ఇవి రోజంతా ఉంటాయి. కొరమీను అయితే పైకి వచ్చి గాలి గుక్క తీసుకోనివ్వకపోతే నీటిలోనే ఊపిరాడక చస్తుంది. మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ప్లాస్టిక్ సంచుల్లో కొరమీను పిల్లలు అన్ని చేతులు మారినా కదులుతూ ఉండటానికి కారణం ఇదే. ఆ మందు సంగతి వేరే చర్చ.

ఎరను బతికించడంలో మన దేశంలో అందరికంటే ఆరితేరినవాళ్లు లక్షద్వీప్‌లోని మినికాయ్ జాలర్లు. వాళ్లు ట్యూనాను వలతో కాదు, గడకర్రకు కట్టిన ముల్లు లేని గాలంతో పడతారు. ముందుగా లగూన్‌లో సన్నటి చేపలను పట్టి పడవలోని ప్రత్యేక గదిలో ఉంచుతారు. సంప్రదాయ పడవల్లో ఆ గది అడుగున రంధ్రాలుంటాయి. పడవ ఊగుతూ కదులుతుంటే సముద్రపు నీరు లోపలికీ బయటికీ ఆడుతూ ఉంటుంది. పంపు లేదు, మార్చవలసిన నీరు లేదు. ట్యూనా గుంపు కనబడగానే బతికున్న ఎరను గుప్పెడు గుప్పెడు విసురుతారు. ఎర దొరకని రోజున పడవ వేటకు వెళ్లదు. చెరువు గట్టున మీరూ దీన్ని అనుకరించవచ్చు: చిల్లులున్న ప్లాస్టిక్ బుట్టకు మూత కట్టి, పరిగెలను అందులో ఉంచి, పట్టిన చెరువులోనే నీడ ఉన్న చోట ముంచి కట్టేయండి. డబ్బా లెక్కలన్నీ అక్కడితో రద్దు.

ఎర్రలు అడిగేది వేరు

తెలుగులో వానపాముకు ‘ఎర్ర’ అనే పేరు కూడా ఉంది. దీనికి ఊపిరితిత్తులూ లేవు, మొప్పలూ లేవు. చర్మమే దాని ఊపిరి. చర్మం తడిగా ఉంటేనే ఆక్సిజన్ దానిలో కరిగి రక్తంలోకి పోతుంది. ఎండితే గాలి మధ్యలోనే ఊపిరాడక చస్తుంది. మరీ నానితే మట్టి రంధ్రాల్లో గాలి లేక చస్తుంది. గుప్పిట్లో మట్టిని పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, అంతే తడి. 20 డిగ్రీల అటూ ఇటూ చల్లదనం, చీకటి, తడి గోనెసంచి కప్పిన మట్టికుండ, కాస్త కుళ్లిన ఆకు ఉంటే వారాల తరబడి బతుకుతాయి. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు వాటికి ప్రాణాంతకం. సబ్బు, ఉప్పు, నిమ్మతొక్క దగ్గరికి రానీయవద్దు. రోజుకోసారి చూసి చచ్చినదాన్ని తీసేయాలి. ఒక్కటి కుళ్లినా దాని అమ్మోనియా పక్కవాటికి చేటు. మిడతలు, కీచురాళ్లకు దీనికి తలకిందుల ఏర్పాటు కావాలి, పొడిగా, గాలి ఆడేలా. కప్పల జోలికి మాత్రం పోవద్దు. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే నిషేధించింది, పొలాల్లో పురుగులను తినే జీవి అది.

మిగిలిన ఎరను ఏం చేస్తున్నారు?

సాయంత్రం డబ్బాలో నాలుగు పరిగెలు మిగులుతాయి. ఎక్కడో ఇంకో చెరువులో పట్టినవి. పాపం, బతుకుతాయి కదా అని ముందున్న చెరువులో వదిలేస్తారు. ఇన్నాళ్లూ ఎరను బతికించడం నేర్చుకున్నది దీనికైతే నష్టమే ఎక్కువ.

1988లో ఈశాన్య రాష్ట్రాల నుంచి మన దేశంలోకి ఒక చేపల జబ్బు ప్రవేశించి, కొన్నేళ్లలో చాలా రాష్ట్రాలకు పాకింది. ఒంటి మీద ఎర్రటి మచ్చ మొదలై, పుండై, కండ దాకా తినేస్తుంది. అఫానోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజు లాంటి జీవి దీనికి మూలం. దాని బీజాలు నీటిలో ఈదుతూ పోతాయి, చలికాలంలో విజృంభిస్తాయి. దీనికి తొందరగా లొంగేవి ఏవో చూడండి: ఎరగా వాడే పరిగెలు, ఆ ఎరతో పట్టాలనుకునే కొరమీనులు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పెంపకం సంస్థ ‘సిఫాక్స్’ అనే మందు తయారుచేసింది. అది చెరువును లీజుకు తీసుకుని పెంచే రైతుకు పనికొస్తుంది. ఊరుమ్మడి చెరువులో ఎవరు వేస్తారు, ఎన్ని చెరువుల్లో వేస్తారు? జబ్బు డబ్బాలో కనబడదు. పైకి ఆరోగ్యంగా ఉన్న చేపా, అది ఈదిన నీరూ రెండూ దాన్ని మోయగలవు. ఇన్ని జాగ్రత్తలతో బతికించిన ఎర ఇంకా బాగా మోస్తుంది.

జబ్బే కానక్కరలేదు, కొత్త జాతి వచ్చినా చాలు. మంచు యుగంలో హిమానీనదాలు వానపాములను తుడిచిపెట్టిన ఉత్తర అమెరికా అడవుల్లోకి జాలర్లు విసిరేసిన ఎర వానపాములు కూడా చేరి, నేల మీద ఆకుల పొరను తినేస్తూ అడవి తీరునే మారుస్తున్నాయి. మన దగ్గర నిషేధం ఉన్న ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్లలు మామూలు మార్పు పిల్లల్లాగే కనిపిస్తాయి. గుర్తుపట్టలేని పిల్లను ఎరగా కొనకపోవడమే మంచిది.

కాబట్టి ఏ చెరువులో పట్టిన ఎరను ఆ చెరువులోనే వాడండి, మిగిలితే అక్కడే వదలండి. వేరే చోట నుంచి తెచ్చినదైతే వండుకోండి, లేదా గట్టుకు దూరంగా మట్టిలో పాతేయండి. డబ్బాలోని నీటిని చెరువులో కాకుండా ఎండిన నేల మీద పారబోయండి. తొట్టి, వల, గిన్నె కడిగి, ఇంకో చెరువుకు పోయే ముందు మంచి ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. మే నెలలో బెల్తరాలో ఎండకు కొదవ లేదు.